మూడు కాళ్ల స్టూలు

కొండపి బస్టాండు వెనక నా కొట్టు.
రిమోట్లు, సెట్‌టాప్ బాక్సులు, పిడుగు పడి చచ్చిన రౌటర్లు
గోతాల్లో వస్తాయి,
శవపంచాయతీకి వచ్చినట్టు.

ఆ ఏడు రాగమ్మ ఒక తెల్ల డబ్బా తెచ్చింది.
పొగాకు బ్యారన్‌లో వేడి చూసే యంత్రం.
ముప్పై ఎనిమిది వేలు పోసి కొన్నది.
రెండో సీజనుకే కంపెనీ ఎత్తేశారు.
డబ్బా మాత్రం అడుగుతూనే ఉంది
పాస్‌వర్డ్ చెప్పు, పాస్‌వర్డ్ చెప్పు అని.
ఇల్లు ఖాళీ చేసినోళ్లు
తాళం తియ్యడం మరిచిపోయారు.

"లోపల ఆకు పండుతోంది అబ్బయ్యా" అంది.

మూలనున్న పాత రౌటర్ తీశాను, ఒక చెవి విరిగినది.
మూత విప్పి, మూడు చుక్కల మీద మూడు తీగలు అంటించాను.
నల్లటి తెర మీద తెల్ల వరుసలు,
తొలకరికి పుట్టలోంచి ఉసిళ్లు లేచినట్టు
పైకి, పైపైకి.
ఏ తాళమూ అడగలేదు.
లినక్స్. ఎవరెవరో రాసి, తలుపు తీసిపెట్టి పోయింది.
వాళ్ల పేర్లు కొన్ని ఆ వరుసల్లో మెరిసి దాటిపోయాయి.
ఒక్కరూ పొగాకు మొక్కని చూసి ఉండరు.
వాళ్ల షరతుల్లో ఒక మాట ఉంది:
దీనికి ఏ హామీ లేదు.
రాగమ్మకు చదివి చెప్పాను.
"వానకుందా? వేలానికుందా?
బిగించు."

క్యూరింగ్ మేస్త్రీ మాల్యాద్రి
దూరంగా బీడీ కొరుకుతూ నిలబడ్డాడు.
ముప్పై సీజన్లు ఆయన
మూడు కాళ్ల స్టూలు మీద మేలుకున్నాడు.
కునుకు పడితే స్టూలు ఒరిగేది,
భుజానికి నేల తగిలేది,
లేచి పొయ్యిలో కట్టె ఎగదోసేవాడు.

"దీన్లోనూ అట్టాంటిదొకటుంది" అన్నాను.
"వాచ్‌డాగ్ అంటారు. పదిహేను సెకన్లకోసారి
ప్రోగ్రాం దాన్ని తట్టాలి.
తట్టలేదంటే కునికిందనుకుని
పడేసి లేపుద్ది."
అప్పుడు దగ్గరికొచ్చాడు.
"దానికెన్ని కాళ్లు?" అన్నాడు.

అంకెలు కావాలన్నాను.
ఎన్నో గంటకి ఎంత వేడి, కిటికీ ఎప్పుడు తెరవాలి,
ఈనె ఎప్పుడు టక్కున విరగాలి.
చెప్తున్నాడు, ఫైల్లో తెలుగులోనే రాస్తున్నాను.
రాస్తూ నేనూ దాచకుండా చెప్పాను:
అడిగినోళ్లకల్లా దీని కాపీ ఇస్తాను.
ఆయన ఆపలేదు.
కొంచెం నెమ్మదించాడంతే.
"మా నాయన నాకిది చెప్పడానికి తొమ్మిదేళ్లు పట్టింది.
నువ్వు ఒక పూటలో పంచుతావు.
రేపు నాకు కూలెవరిస్తారు?"
నా దగ్గర జవాబు లేదు.
ఇప్పటికీ లేదు.

తర్వాతి వారం ఖాదర్‌బీ వచ్చింది,
వాగు అవతల కౌలు బ్యారన్ ఆమెది.
ఇంకో చచ్చిన రౌటర్, అదే ఫైలు,
తీగలకీ సెన్సార్‌కీ నాలుగొందలు.
శుక్రవారం పొయ్యి రాజేసింది.

ఆదివారం రాత్రి రెండింటికి
నా షట్టరు మీద దబదబా.
మాల్యాద్రి. మంచుకి తడిసి పంచె కాళ్లకంటుకుంది.
"రంగు కట్టే చోట నూట పదహారని చెప్పా గదా.
నూట పది.
తడి ఆరని ఆకుకి పదహారిస్తే
ఉడికి నల్లబడిపోద్ది.
ముందా బీబీకి ఫోన్ చెయ్యి."

రాగమ్మ బ్యారన్‌లో ఆ అంకెని
రోజూ తనే కిటికీ వారగా తీసి తగ్గించుకొచ్చాడట,
ఎవరూ చూడకుండా.

ఖాదర్‌బీ ఫోనెత్తింది.
ఇంకా నూట నాలుగు దగ్గరే ఉందట.

ఫైలు దిద్దాను.
ఎందుకు దిద్దామో పక్కన ఒక ముక్క రాయాలి, పద్ధతి.
"మేస్త్రీ మరిచాడని రాయి" అన్నాడు,
గోడవైపు చూస్తూ.

నేను రాసింది వేరు:
పదహారు కాదు, పది. మేస్త్రీ మాల్యాద్రి గుర్తు చేశాడు.

చదివి వినిపిద్దామని తిరిగితే
అప్పటికే కునుకుతున్నాడు.
నా కొట్లో స్టూలుకి నాలుగు కాళ్లు.
ఒరగలేదు.