నదికో నూలుపోగు

మజలాయలో వాన వెలిసిన తెల్లారి
నది ఏ రంగులో ఉందో చూసి
ఈ ఏడు ఏ చొక్కాలు అమ్ముడుపోతాయో చెప్పేవాడు
మాంగ్ ఒడోయ్.
ముప్పై రెండేళ్లు అద్దకం తొట్ల దగ్గర నిలబడ్డ మనిషి.
గోళ్ల కింద నీలం ఇంకా దిగలేదు.
పెళ్లి ఫొటోలో కూడా
చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు.

కూతురు వివిన్‌ది బాండుంగ్‌లో ప్రయోగశాల,
మూడో అంతస్తు, ఏసీ పనిచేయని గది.
ఆర్నెల్లు నేనూ అక్కడే, పక్క బల్ల.
సిరంజిలో జిగట ద్రావణం,
సూదికి పద్దెనిమిది వేల వోల్టులు.
మొనన వేలాడే బొట్టు కాసేపు జంకుతుంది,
మొగ్గలా సాగుతుంది,
ఇక తనను తాను పట్టుకోలేక
పోగై పరిగెడుతుంది.
దాని పక్కన తలవెంట్రుక తాటిమాను.
రేకు మీద గంటల తరబడి పేరుకున్నాకే కంటికి ఆనుతుంది
పాలమీగడలా,
పడుగూ పేకా లేని, మగ్గం ఎరగని గుడ్డ.

ముసురు రోజుల్లో పోగు నిలవదు,
తేమకి పూసలు కడుతుంది.
అప్పుడు వివిన్ వేయించిన టెంపే నములుతూ
కిటికీని తిడుతుంది.

ఒక ఆదివారం అరచేతి ముక్క ఇంటికి తెచ్చింది.
పెరటి కాలవలో గ్లాసుడు నీళ్లు ముంచింది:
వంకాయ రంగు.
ముక్క వేసింది. కదిపింది. కూర్చున్నాం.
అన్నం ఉడికింది, మసీదు మైకులో అసర్ పిలుపు అయింది,
గ్లాసు అడుగున కంపెనీ పేరు
నీళ్లలోంచే కూడబలుక్కుని చదివింది ఇమాస్.
"తాగొచ్చా?"
"వద్దమ్మా. రంగొక్కటే పోయింది.
మిగతావి ఏమున్నాయో నాకూ తెలీదు."

ఒడోయ్ నీళ్ల వంక చూడలేదు.
ముక్కను వెలుగుకి పట్టాడు.
"నేవీ, నాలుగు శాతం. ఎరుపు కాస్త ఎక్కువైంది.
రాత్రి షిఫ్టు కొత్త కుర్రాడు, కొలవకుండా పోస్తాడు."
ఆగి, "ఇది నిండాక?"
"ఉప్పు, క్షారం కలిపి ఉతికితే వదిలేస్తుంది. మళ్లీ వాడొచ్చు, ఐదారుసార్లు."
"వదిలిన రంగో?"

మా బల్ల కింద ఇరవై మూడు సీసాలు,
తేదీలు రాసి, మూతలు బిగించి.
పారబోయడానికి చోటు తెలీక అక్కడే ఉంచాం.
ఆ మాట చెప్పలేక
నా వైపు చూసింది, నేను గ్లాసు వైపు చూశాను.

"ఒకటి పట్రా. పాత చొక్కాకి అద్దుకుంటా."
"పట్టదు బాపా. నీళ్లలో చచ్చిన రంగు
బట్టనంటుకోదు."
"తెలుసు" అన్నాడు.
"బట్ట వద్దన్నదేగా
నదిలోకొచ్చింది."

చంద్రుడికో నూలుపోగు అంటారు మా వైపు.
ఆయనకా సామెత చెబుదామనుకున్నాను,
నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో ఇమడలేదు.

ముక్కను తిరిగివ్వలేదు ఒడోయ్.
దండెం మీద, ఇమాస్ తెల్లని నమాజు ముసుగు పక్కనే
రెండు క్లిప్పులు పెట్టి ఆరేశాడు.
రాత్రంతా వాన.
తెల్లవారుజామున వివిన్ చెప్పుల్లేకుండా పరిగెత్తింది.
ముసుగు తెల్లగానే ఉంది.