పదకొండు సెకన్లు

లారీ వెడల్పుకి మూడున్నర రెట్లు దారి.
అంచున మట్టికట్ట, చక్రంలో సగం ఎత్తు.
నూటికి ఎనిమిది దాటని ఎక్కుడు.
బొగ్గు దిగాలి, ఖాళీ బండి ఎక్కాలి,
ఎదురుపడితే ఒకదాన్నొకటి ఒరుసుకోకూడదు.
ఇంతవరకూ చదువు నేర్పింది.

గనికీ మహకం ఒడ్డు రేవుకీ మధ్య
ఇరవై ఏడు కిలోమీటర్లు గీశాను.
బోర్నియో అడవి మీద ఆ గీత
కాగితంపై వెంట్రుకంత.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర
మేం పాతిన గూటానికి
తన తమలపాకుల సంచి తగిలించి
ఇతాక్ యుస్తినా కూర్చుని ఉంది.
"ఇక్కడ డురియన్ చెట్టుంది" అంది,
నాకు కనపడనట్టు.
నలభై మీటర్ల చెట్టు.
వాళ్ళ తాత తిని ఊసిన గింజట.

కంపెనీ ధరల పట్టీలో
కాపుకొచ్చిన డురియన్‌కి ఒక రేటు,
పేము పొదకి ఒకటి, రబ్బరు మొక్కకి ఒకటి.
ఆమె అంకెల్ని వేలితో తడిమి, పట్టీ మడిచి
సున్నం డబ్బా కింద పెట్టుకుంది, ఎగిరిపోకుండా.

రాత్రి క్యాంపులో మలుపు వంచి చూశాను.
బండి వేగం నలభై నుంచి ముప్పైకి పడింది.
ట్రిప్పుకి పదకొండు సెకన్లు ఆలస్యం.
రోజుకి నాలుగు వందల ట్రిప్పులు.
గంటా పదమూడు నిమిషాల చెట్టు.
జకార్తా నుంచి జవాబు రెండే మాటలు:
"తిన్నగా పోనివ్వండి."

చెట్టును కాపాడింది నేను కాదు, మట్టి.
చెట్టుకి పది బారల ఇవతల
కడ్డీ దించితే పెరుగన్నంలో చెంచాలా దిగిపోయింది.
ఆ బురద తోడి రాయి నింపడానికెంతో లెక్కగట్టి
జకార్తాయే మలుపు వేయమంది.
ఇతాక్‌తో మాత్రం నేనే గెలిచానని చెప్పాను.
ఆమె వక్క ఇచ్చింది.
సిగ్గులేకుండా నమిలాను.

దారి పడింది.
మొదటి ఏడు పూత పూసింది, రాలింది. కాయ లేదు.
రెండో ఏడూ అంతే.
"గబ్బిలాలు రావడం లేదు" అంది ఇతాక్.
పొద్దువాలి విప్పుకుని తెల్లారేలోగా రాలే పువ్వది.
దానికి చీకటి కావాలి.
మలుపు తిరిగే ప్రతి బండీ నిండు దీపాలతో
కొమ్మకొమ్మనీ తుడిచి పోతోంది.
తిన్నటి దారైతే చెట్టు మీద వెలుగు పడేది కాదు.
తిన్నటి దారైతే చెట్టే ఉండేది కాదు.

దీపాలు తగ్గించమని బోర్డు పెడదామంటే
సేఫ్టీ ఆఫీసరు వగిమాన్ నవ్వను కూడా లేదు.
"మలుపులోనే కదా తియుర్, మనిషి కనపడాల్సింది."
నిజమే.
ఆ వాక్యం నేను రాసిందే, అరవై రెండో పేజీలో.

మూడో ఏడు, పూలు విప్పే వారంలో, వాన.
ఎర్రమట్టి సబ్బయింది.
రేడియోలో "జారుడు, జారుడు" అని కేకలు.
ఎక్కడి బండి అక్కడే ఆగి
ఇంజను కట్టేసింది, కళ్ళు మూసుకుంది.
వాన వెలిసినా దారి ఆరేదాకా కదలరాదు.
ఆ రూలూ నాదే.
డైరీలో రాశాను:
రోడ్డు మూత, ఆరు గంటల నలభై నిమిషాలు.
పక్క గడిలో: నష్టం.

నాలుగు నెలలకి
క్యాంపు గేటు దగ్గర గోనెసంచిలో ఒక కాయ.
చెట్టు మొత్తానికి నాలుగే కాశాయట.
వంటశాలలోకి ఆ వాసన రానివ్వరు.
పద్నాలుగో కిలోమీటరుకి పట్టుకుపోయి
మట్టికట్ట మీద కూర్చుని
బొటనవేళ్ళు గీరుకుపోతుండగా చీల్చుకు తిన్నాను.
ఒక బండి పోయింది, ఖాళీది, పైకి.
డ్రైవరు ముక్కు మూసుకుని హారన్ కొట్టాడు.

ఆఖరి గింజ ఇంకా నోట్లోనే ఉంది.
ఎటు ఊయాలా అని చూస్తున్నాను,
అటు పద్నాలుగు, ఇటు పదమూడు కిలోమీటర్లు.