మొక్కకీ మొక్కకీ దూరం

రోజుకొక వరస.
ఎండ గరిష్ఠం, ఎండ కనిష్ఠం, వెలుతురు, చినుకు:
నాలుగు గడుల్లో ఒక దినం ఇమిడిపోతుంది.
విజయనగరంలో మేడమీది గది, ఫ్యాను గాలి.
మీట నొక్కితే
మూడు క్షణాల్లో నూటపది రోజుల వేరుశనగ.
విత్తు చీలుతుంది, పసుప్పూలు పూస్తాయి,
ఊడలు మట్టిలోకి దిగుతాయి,
ఒక్క ఈగ వాలకుండా
ఒక్క అడవిపంది రాకుండా.

ముప్పై ఏళ్ళ పంట అలా పండించాను
చేతికి మట్టంటకుండా.
లెక్క కుదిరింది, ఒక్క ఏడు తప్ప.

బొండపల్లి అవతల, గెడ్డవార ఎర్ర గరువు,
ఎకరా ఇరవై సెంట్లు, లెంక తవిటమ్మ పేర.
పదహారేళ్ళ కిందటి ఖరీఫు.
నా యంత్రం పద్నాలుగు బస్తాలంటుంది,
పాత రిజిస్టరు ఆరున్నరంటుంది.
వాన చాల్లేదా అంటే చాలింది.
ఊడలు దిగేవేళ నేల గట్టిపడిందా అంటే
సరిగ్గా ఆ వారమే రెండు జల్లులు.
ఆకుమచ్చ తెగులు పెట్టి చూశాను.
నేల లోతు జానెడు తగ్గించాను.
వేరుబుడిపెలకి కాస్త బద్ధకం నేర్పాను.
గీత కదిలింది గానీ దిగిరాలేదు.
మా పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని
"తీసెయ్ ఆ ఏడు. ఒక్క చుక్కేగా" అన్నారు.

చుక్కకి ఊరుంది. బస్సెక్కాను.

చేనిగట్టు మీద తవిటమ్మ ఒక మొక్క పీకి దులిపింది.
కాయ చిదిమి, తొక్క లోపలివైపు చూపించింది:
"నలుపు తిరిగినాది. రేపో ఎల్లుండో పీకీయాల."
అదే సంగతి నా దగ్గర
వేడి కూడిక, పదిహేడు వందల ఎనభై, అని ఉంది.
చెప్పలేదు.

ఆ ఏటి గురించి అడిగాను.
ఆమె తేదీలు సిరిమాను దగ్గర మొదలౌతాయి,
నావి జనవరి ఒకటిన.
ఇద్దరం వేళ్ళు మడుచుకుంటూ నడిచి
ఒక మంగళవారం దగ్గర కలుసుకున్నాం.

"వానకేటి, బాగానే కురిసినాది.
బూమి తప్పూ నేదు.
గింజ తినీసినాం పాపా, ఆ యేడు."

చేతులు ఆగలేదు.
పీకిన మొక్క కాయలు ఒక్కొక్కటే తుంచి ఒళ్ళో వేసుకుంటోంది.

"ఇరవై కుంచాలు ఒలిసి ఎట్టుకున్నాను, ఇత్తనానికి.
పని నేదు. ఇంటాయనకి జొరం, మంచం దిగడు.
పూటకో సోలెడు ఉడకేసి పిల్లలకెట్టినాను.
సోలెడేగదా, సోలెడేగదా అని.
వాన పడీసరికి సగం మిగిలినాది.
నాగలెనకాల నడిసి నానే ఏసినాను,
దూరం దూరంగా,
సాలు నిండినట్టు అవుపడాలని.
పక్క గట్టోళ్ళు నవ్వుతారు గదా."

కాసేపయ్యాక నా సంచిలోని డబ్బావైపు గెడ్డం ఎత్తి
"ఇదెక్కడ రాసుకుంటావు, నీ మిసన్లో?" అంది.

ఎక్కడ?
రాత్రి ఫైలు తెరిచి పైనుంచి కిందికి వెతికాను.
జొరానికి గడి లేదు.
సోల అన్న కొలత లేదు.
పక్క గట్టోళ్ళు లేరు.
ఉన్నది ఒకటే: చదరపు మీటరుకి మొక్కలు.
ముప్పైమూడు చెరిపి
పదిహేను కొట్టాను.

మూడు క్షణాలు.
ఆరు బస్తాల చిల్లర.

పొద్దున్నే పెద్దాయన భుజం తట్టారు.
చుక్క వచ్చి బుద్ధిగా గీతమీద కూర్చుంది.
బల్లమీద ఆమె కట్టిచ్చిన పచ్చికాయల మూట;
మట్టి రాలి మీటల సందుల్లో పడింది.
దులపబోయి ఊరుకున్నాను.

తెరమీద ఇంకా ఆ పదిహేనే ఉంది.
మొక్కకీ మొక్కకీ నడుమ ఖాళీలో
ఎవరో గొంతుక్కూర్చుని
ఉప్పు గింజలు పంచుకుంటున్నారు,
ఇది నీది, ఇది నాది అని.

ఎందరు పిల్లలో
అడగడం మరిచిపోయాను.