రెండో గుంపు

పాకాల రైలుగేటు అవతల
వేరుశనగ చేని గట్టున
వాన వెలిసిన మూడోనాడు పీక్కొచ్చాను నేలఉసిరి.
ఆకు తిప్పితే అడుగున
ఆవగింజంత కాయలు, ఎవరూ అడగని వరస.

మా అవ్వ దీన్ని రాతిమీద నూరి
మజ్జిగలో కలిపి ఇచ్చేది
ఆదివారం, పరగడుపున.
పసుపు కళ్లవాళ్లు వాకిట్లో గొంతుక్కూర్చునేవాళ్లు.
"నూనె ముట్టొద్దు, సారాయి జోలికి పోవద్దు" అనేది గానీ
ఎందుకు నయమవుతుందో ఏనాడూ చెప్పలేదు.
నయం కానివాళ్లు మళ్లీ రాలేదు గనక
వాళ్లు ఆమె లెక్కలో లేరు.

నాకు లెక్క కావాలి.
నీడన ఆరబెట్టి, పొడిచేసి,
తిరుపతిలో, రెండో అంతస్తు ల్యాబులో
గాజుగొట్టంలో పసరు దిగిందాకా రాత్రంతా కూర్చున్నాను.
కిటికీలో ఘాట్‌రోడ్డు బస్సుల దీపాలు
మలుపు దగ్గర ఆరి, మళ్లీ వెలిగేవి.

ఎలుకలు నాలుగు గుంపులు, గుంపుకు ఆరు.
మొదటిదానికి నీళ్లు.
మూడు, నాలుగు గుంపులకు విషం, దానిమీద ఆకు పసరు,
ఒకదానికి తక్కువ, ఒకదానికి ఎక్కువ.
రెండోదానికి
ఒట్టి విషం.

బోన్లు కడిగేది చెంగల్రాయుడు.
మెడమీద తోలు రెండు వేళ్లతో పట్టి ఎత్తితే
ఏ ఎలుకా కిక్కురుమనదు.
"ఈ పసరు యేం జేస్తాదమ్మా?" అన్నాడొకనాడు.
వంకాయ కోసి గాలికి వదిలేస్తే నల్లబడుతుంది కదా,
ఉప్పునీళ్లలో వేస్తే పడదు.
కాలేయం వంకాయ అనుకో, ఇది ఉప్పునీళ్లు.
నవ్వాడు. నవ్వితే కనిపించింది
కంటి తెలుపులో పసుపు.
"నా వంకాయ కోసి శానా దినాలయిందిలేమ్మా.
అయినా, రవంత సీసాలో పోసిస్తే..."

ఇవ్వలేదు.
ఎలుకకు ఎంతో తెలుసు నాకు, కిలోకిన్ని మిల్లీగ్రాములని.
మనిషికి ఎంతో తెలియదు.
రుయా ఆస్పత్రికి పొమ్మని చీటీ రాసిచ్చాను.
అవ్వయితే అడిగేలోపే నూరేది.

ఇరవై రెండో రోజు కోశాను.
రెండో గుంపు కాలేయాలు పాలిపోయి,
వేలికి జిడ్డుగా తగిలాయి,
ఒక్కటి తప్ప.
అది చింతగింజ రంగులో నిగనిగలాడింది.

రక్తం మూడుసార్లు పరీక్ష చేశాను. మామూలుగానే ఉంది.
చీటీలు మారాయా? సూది తప్పానా?
ఆ సాయంత్రం బోను మూల
వడ్లపొట్టు కింద దొరికింది
కొరికిన రెమ్మ, కాయలతో సహా.

చెంగల్రాయుడు చీపురు ఆపలేదు.
"అదొకటి నా యేలు నాకేదమ్మా.
ఉత్త విషం తాగేదాన్ని
రోజూ చూస్తా ఎట్లుండేది?"

అరవాల్సింది. మూడు నెలల పని.
గొంతు రాలేదు.
పట్టికలో రెండో గుంపు ఎదురుగా
ఆరు కొట్టేసి అయిదు వేశాను.
కారణం గడిలో చాలాసేపు కలం ఆనించి
'సంరక్షణలో లోపం' అని రాశాను.

బయట కొళాయి కింద
ఖాళీ బోను కడుగుతున్నాడు.
నేనిచ్చిన చీటీ చొక్కాజేబులోనే ఉంది,
తడిసి,
మడత విప్పకుండా.