గాలి లెక్క

మైపాడు అవతల, ఉప్పుకాలవ గట్టున
రొయ్యల గుంట కాపలా కొట్టం మాది.
రేకుల కింద మంచం, మంచం కింద మేత బస్తాలు,
దూలానికి తాడు కట్టి యాలాడేసిన నీలం ఇన్‌హేలరు.

పదకొండేళ్ళుగా ఆయాసం మా ఇంట్లో మనిషి.
దానికీ ఒక పళ్ళెం పెట్టినట్టే బతికాం.

మస్తానయ్య నడుం వాల్చాడంటే గురక,
కాలవలో పడవ ఇంజను మాదిరి.
ఆయాసం మనిషికి ఆపాటి నిద్రన్నా పడతా ఉండాది,
చాల్లే అనుకునేదాన్ని.

రొయ్యకి గండం తెల్లారుజామున.
రాత్రంతా నీళ్ళలో గాలి తరిగి తరిగి
మూడూ నాలుగు మధ్య అడుగంటతాది.
ఏరియేటరు ఆగిందా,
మీసాలు పైకెత్తి గట్టు అంచుకొస్తాయి,
వేలకి వేలు, చప్పుడు లేకుండా.
అందుకో మీటరుంది, అంకె రాసే పుస్తకముంది.
మూడున్నరకి టార్చి వేసి నేనే రాస్తా.

ఆ రాత్రి రాస్తుంటే
వెనక పడవ ఇంజను ఆగింది.
మళ్ళీ మొదలు కాలా.
మేత గిన్నెలు లెక్కపెట్టినట్టు
ఊరికే లెక్కపెట్టా. పద్దెనిమిది. పంతొమ్మిది.
పొట్ట ఎగరతాది, రొమ్ము గుంజతాది,
నోరు తెరిచే ఉంది, గాలి లేదు.
ఇరవై ఆరు కాడ
మునిగినోడు తల లేపినట్టు ఒక్క పీల్పు పీల్చి, దగ్గి,
కళ్ళు తెరవకుండానే తాడు కోసం తడిమాడు.

పుస్తకం వెనకట్ట మీద గీతలు పెట్టా.
గంటకి ఇరవై రెండు.

నెల్లూరు పొగతోటలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ.
ఆయాసానికి మందు పొగతోటలో! నవ్వొచ్చింది.
ఈయన పాత చీటీలన్నీ బల్ల మీద పరిచాడు.
ఆమె వాటిని చూళ్ళా.
"ఈయన నిద్రపోతుంటే వినేదెవరు?" అనింది.
అట్ట ముందుకి జరిపా.

ఒక రాత్రికి వేలికి క్లిప్పు తగిలించి పంపింది.
మళ్ళీ పోతే చెప్పింది:
గొంతు మూసుకుంటే రొమ్ము ఊరుకోదంట,
మూసిన తలుపుని లోపల్నించి గుంజతాదంట.
ఆ గుంజుడికి కడుపులో పులుపు పైకెక్కి
ఊపిరి గొట్టాల్లోకి చుక్కచుక్కగా దిగి
ఉన్న పుండుని రోజూ గెలకతాదంట.
పగలు మందు సర్దింది రాత్రి రేగతాదంట.
ఒకే గట్టుకి రెండు గండ్లు,
మేం పూడ్చింది ఒకటే.
(గండ్ల మాట ఆమెది కాదు, నాది.)

ముక్కుకి మాస్కు, దిండు పక్కన బుల్లి మిషను.
"ఏందే, నన్నూ గుంటని చేసినావా" అని
మొదటి రాత్రే పీకి పారేశాడు.
రెండో రాత్రి అలిగి పెట్టుకున్నాడు.
మూడో రాత్రి కరెంటు పోయింది.
గుంట కాడ జనరేటరు లేచింది,
కొట్టంలో మిషను చచ్చింది.
డీజిలు రొయ్యలకి రాసిందే.

షావుకారుని అడగలా.
తాటికమ్మలకి కట్టుకుంటా, గట్టు మీదుగా
కొట్టం దాకా ఒక వైరు లాక్కొచ్చా.
లెక్కలో లీటరు తేడా ఏందని గుమాస్తా అడిగితే
ఇక్కడింకో గుంట ఉండాదని చెప్తా.

నీలం ఇన్‌హేలరు ఇంకా దూలానికే ఉంది.
మబ్బు పడితే అందుకుంటాడు,
మేత దుమ్ము లేస్తే అందుకుంటాడు.
తెల్లారుజామున మాత్రం తాడు ఊగట్లా.

ఇప్పుడు నాకే నిద్ర పట్టదు.
పడవ ఇంజను లేని కొట్టంలో
సన్నటి గాలి హోరు వింటా,
ఎక్కడన్నా ఆగిందేమోనని
పన్నెండు దాకా, పదమూడు దాకా...