ఇద్దరు చూశారు

సింధియా జంక్షన్‌లో నా నెట్ సెంటర్‌కి
రెండు కుర్చీలు, ఒక ప్రింటర్,
రిఫైనరీ గొట్టం మీది మంట కనిపించే కిటికీ.
కరెంటు పోయినా ఆ మంట పోదు.

మొదట్లో హాల్ టికెట్లు, ఆధార్‌లో తప్పులు.
ఇప్పుడు ప్రొఫైళ్లు.
ఒకప్పుడు పొద్దున్నే షిప్‌యార్డ్ గేటు దగ్గర నిలబడితే
మేస్త్రీ చూపుడువేలితో ఎంచుకునేవాడు.
ఇప్పుడు గేటు ఫోన్‌లోకి వచ్చేసింది.
వేలు ఎవరిదో తెలీదు.
కాంట్రాక్టు అయిపోయిన వాళ్లు
హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు.
"ఉజ్జోగం దొరికీలాగ రాయమ్మీ" అంటారు,
జాతకం రాయమన్నట్టు.

నా దగ్గరొక పేరా ఉండేది,
ఎక్కడో ఏరుకొచ్చిందే.
సవాళ్లను స్వీకరించడం నాకు ఇష్టం.
బృందంతో కలిసి పనిచేయగలను.
నిరంతరం నేర్చుకోవాలనే తపన కలదు.
ఇంగ్లీషులో ఇంకా బాగుండేది,
పెళ్లికి అద్దెకిచ్చే కోటులా
ఎవరు తొడుక్కున్నా సరిపోయేది.
వెల్డర్‌కి అదే, ఫిట్టర్‌కి అదే,
క్రేన్ నడిపే పైడియ్యకి అదే.
యాభై రూపాయలు. ఫొటోకి టై పెడితే డెబ్బై.
టై నా కంప్యూటర్‌లోనే ఉండేది.

మొన్న వానల్లో ఒక కంపెనీ నించి ఫోనొచ్చింది.
ఫోన్ లేని వాళ్లకి నా నంబరే ఇచ్చేదాన్ని మరి.
అవతల అమ్మాయి నవ్వు ఆపుకుంటోంది:
"మల్కాపురంలో నలభై ఒక్క మందికీ
ఒకటే తపన ఎలా వచ్చిందండీ?"

కట్ చేశాను.
ఆ రాత్రి షట్టరు సగం దించి
తెర మీద ముఖాలన్నీ ఒక్కొక్కటే జరిపాను.
నలభై ఒక్క మెడలు. ఒకటే నీలం ముడి.

మర్నాడు అసిరినాయుడు వచ్చాడు,
వెల్డింగ్ మెరుపుకి ఎర్రబడ్డ కళ్లతో.
పేరా తెరవలేదు నేను.
"నీకేం వచ్చు నాయుడూ?"
"ఏటొస్తాదమ్మీ, అతుకేస్తాను."
"ఇంకా?"
చాలాసేపు ప్రింటర్ వైపు చూశాడు.
"ప్లేటు మీద సుత్తితో కొడితే సెవికి తెలిసిపోతాది.
మంచి అతుకు గంటలాగ మోగుతాది.
పగులుంటే
పడిశం పట్టినోడు మాటాడినట్టుంటాది.
తరవాత మిషనెట్టి సూసీవోరు,
అదే సెప్పీది."
"ఇంకా?"
"ఓపాలి డ్రైడాక్‌లో ఓడడుగున పడుకుని కాలుస్తంటే
తుపానొచ్చిందని కేకలు.
సీము సగంలో ఒగ్గీకూడదు కదా,
సల్లారితే పగులుతాది.
ముగించీసే లేసినాను.
ఇంటికెల్తే కప్పు లేదు."

టైపు చేస్తూ పోయాను.
అక్షరాల కింద ఎర్రగీతలు పాకుతూ వచ్చాయి.
"సెవి" తప్పట. "సల్లారితే" తప్పట.
పక్కన చిన్న పెట్టె తెరుచుకుని అడిగింది,
దీన్ని మరింత వృత్తిపరంగా మార్చమంటారా?
వేలు ఆగింది, అబద్ధమెందుకు.
ఆ బటన్ నొక్కి నొక్కే
మూడేళ్లు అద్దె కట్టినదాన్ని.

"నవ్వరేటి?" అన్నాడు నాయుడు.
"నవ్వొచ్చు" అన్నాను.
ఉన్నదున్నట్టే పెట్టేశాను.
ఫొటోలో టై లేదు. కళ్లు ఎర్రగానే ఉన్నాయి.
డబ్బులు తీయబోతే, పని దొరికాక ఇద్దువులే అన్నాను.
అది మంచితనం కాదు, భయం.

పదకొండు రోజులయింది.
ఇద్దరు చూశారు, అని చూపిస్తోంది.
ఒకరు నేను.
రెండోవాళ్ల పేరు కావాలంటే
నెలకింతని కట్టమంటోంది.

నిన్న సాయంత్రం నాయుడు వచ్చి
ఏమీ అడగలేదు.
నా ఇనప షట్టరు మీద కణుపుతో ఓసారి తట్టాడు,
తల వంచి విన్నాడు.
"ఎడంపక్క అతుకు ఊడీలాగుంది, సూసుకో అమ్మీ."

అతను మెట్లు దిగిపోయాక
నేనూ తట్టి చూశాను,
ఎడం పక్క, కుడి పక్క, మళ్లీ ఎడం.
నాకన్నీ ఒక్కలాగే వినిపించాయి.