సందేహముంటే అవుననండి

ఔలు ఊళ్లో నవంబరు చివర. మూడింటికే పొద్దు గుంకింది.
కిటికీ అవతల నది సగం గడ్డకట్టి
మిగతా సగం ఏం చేయాలో తోచక పారుతోంది.

హిల్లెవి కాఫీ పక్కన పెట్టి
కెర్నెల్‌లో టైమర్ల జాబితా తెరిచింది.
పద్నాలుగు బోర్డులు, పద్నాలుగు ప్రశ్నలు.
ఈ టైమర్ కావాలా? అవునా, కాదా?

కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు.
బోర్డుకి కరెంటు అందుతుంది,
తెర మీద నాలుగు ముక్కలు పలుకుతుంది,
ఆపైన మొదటి టిక్ కోసం చెవి రిక్కించి
అలాగే ఉండిపోతుంది.
పుట్టబోయే బిడ్డకి
గుండె పెట్టమంటారా, వద్దా అని
ఏ మంత్రసానైనా అడుగుతుందా?

ప్రశ్న కింద సాయానికి ఒక వాక్యం:
సందేహముంటే అవుననండి.
ఇరవై ఏళ్లుగా ఎవరెవరో, ఏయే ఊళ్లలోనో
సందేహంతోనే అవునన్నారు.
వాళ్లలో నేనూ ఒకణ్ణి,
ఉద్యోగంలో చేరిన కొత్తలో
చదవకుండా ఎంటర్ నొక్కుకుంటూ పోయినవాణ్ణి.

హిల్లెవి ప్రశ్నను తీసేసింది, టైమర్‌ను కాదు.
ఇకమీద బోర్డు పేరు చెబితే చాలు,
ఆవు వెంట దూడలా
దాని గడియారం దాని వెనకే వస్తుంది.

పదమూడు అయ్యాయి.
పద్నాలుగో దాని కింద
సందేహముంటే వద్దనండి, అని ఉంది.
ఎందుకో లేదు. రాసినవాడి పేరుంది: రెయో తక్కినెన్.

ఫోన్ చేస్తే, ఎక్కడో ఉత్తరాన, ఇనారి సరస్సు మంచుకి
కన్నం వేసుకుని కూర్చున్నాడట.
"ఆ బోర్డా! దాని టైమర్ పైనుంచి కిందికి లెక్కపెడుతుంది.
సున్నా దాకా వచ్చి
మళ్లీ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో మరిచిపోతుంది.
రేపు సరిచేద్దామని ఆ పూటకి వద్దని రాశా."
కాసేపు గాలి హోరు.
"ఆ రేపు ఇంకా రాలేదన్నమాట."
చేప తగిలినట్టుంది, పెట్టేశాడు.

ఆ బోర్డు మా సొరుగులోనే ఉంది,
సిరా ఎండిన పెన్నుల కింద.
పంతొమ్మిదేళ్లు పొరుగు గడియారాన్ని
అరువు తెచ్చుకుని బతికిన బోర్డు.
దాని చెవిలో చెప్పాల్సింది ఒక్క వరుస:
సున్నా అయ్యాక, ఇదిగో, ఇక్కణ్ణుంచి.

కరెంటు ఇచ్చాం.
పందొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటి, గురువారం అంది.
బ్యాటరీ లేనివాటికి అన్నిటికీ అదే పుట్టినరోజు.
లెక్క దిగుతోంది. హిల్లెవి వేలు బల్ల మీద ఆగిపోయింది.
సున్నా.

తర్వాతి సెకను వచ్చింది.
దాని వెనక ఇంకోటి, తోసుకుంటూ.

తీసినవి ఎనభై మూడు వరుసలు, చేర్చినవి పదిహేను.
హిల్లెవి చల్లారిన కాఫీ తాగి మొహం చిట్లించింది.
నది ఏం తేల్చుకుందో చూద్దామని లేచాను.
చీకట్లో కనబడలేదు.